పాత కారు సన్‌రూఫ్ కారుతోందా? శుభ్రం చేయాలా, విప్పించాలా, మూసేయాలా?

సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. పూర్తిగా ఆపేలా దాన్ని తయారు చేయరు కూడా. ఈ సంగతి తెలియకే సెకండ్ హ్యాండ్ కారు కొన్న చాలామంది పైనుంచి నీళ్లు కారడం మొదలవగానే రబ్బరు మార్పిస్తారు, అద్దం చుట్టూ సిలికాన్ పూయిస్తారు, చివరికి విసుగెత్తి కారే అమ్మేస్తారు. డబ్బు పోతుంది, టెన్షన్ మిగులుతుంది, అడ్డుపడిన గొట్టం మాత్రం అలాగే ఉంటుంది.

లోపలి ఏర్పాటు ఇలా ఉంటుంది. అద్దం కింద, రూఫ్ లైనింగ్‌కు (పైకప్పు లోపలి వైపు పరిచిన గుడ్డ పొరకు) పైన ఒక ఫ్రేము. దాని అంచుల్లో లోతు తక్కువ కాలువలా ఒక ట్రే. రబ్బరును దాటుకుని వచ్చిన నీరు ఆ ట్రేలో పడి, మూలల్లో ఉన్న రంధ్రాల్లోంచి సన్నటి గొట్టాల్లోకి దిగుతుంది. చాలా కార్లలో ఈ గొట్టాలు నాలుగు. ముందువి రెండూ ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న పిల్లర్ల లోపలి నుంచి వచ్చి, ముందు తలుపు కీళ్ల దగ్గరో, చక్రం పైనున్న గూటి లోపలో బయటపడతాయి. వెనకవి రెండూ వెనక పిల్లర్లలోంచి దిగి వెనక చక్రాల దగ్గరో, బంపరు చాటునో తేలతాయి. డాబా మీది వాన గొట్టం పూడుకుపోతే కింద గది గోడ చెమ్మెక్కుతుంది చూడండి, ఇదీ అంతే. పైన ఎంత కురిసిందన్నది కాదు, కిందికి పోయే దారి తెరిచి ఉందా లేదా అన్నదే లెక్క.

అందుకే రిపేరు ఎంచుకునే ముందు నీరు ఎక్కడ ఆగిపోతోందో తేల్చుకోవాలి. కింద చెప్పే దారుల్లో ఏది సరైనదో ఆ జవాబును బట్టే ఉంటుంది.

ముందు, అది సన్‌రూఫ్ నీరేనా?

కారులో తడి కనిపించిన ప్రతిసారీ నింద సన్‌రూఫ్ మీదే పడుతుంది. కానీ నేరస్థులు ఇంకా ఉన్నారు.

వాన లేని రోజు, ఏసీ వేసుకుని తిరిగాక ముందు సీటు కాళ్ల దగ్గర తడిస్తే అది ఏసీ నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోవడం వల్ల కావచ్చు. ఆ నీరు శుభ్రంగా ఉంటుంది. తడి జిగటగా తగిలి, తీపి వాసన వేసి, ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర పడుతుంటే అది హీటర్ నుంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. దానికి సన్‌రూఫ్‌తో సంబంధం లేదు, ఆలస్యం చేయకుండా మెకానిక్‌కు చూపించాలి. తలుపు పక్క కార్పెట్ మాత్రమే నానుతుంటే తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు ఊడి ఉంటుంది. స్పీకరు మార్చినప్పుడో, కిటికీ అద్దం మోటారు బాగుచేసినప్పుడో ఆ షీటును సరిగ్గా అతికించకుండా వదిలేస్తుంటారు. వైపర్ల కింది జాలీలో ఆకులు పేరుకున్నా నీరు నిలిచి, లోపలికి గాలి వెళ్లే దారిగుండా వచ్చేస్తుంది. ముందు అద్దం ఎప్పుడైనా మార్పించి ఉంటే ఆ అతుకు మీదా ఓ కన్నేయాలి. డిక్కీలో తడి ఉంటే వెనక లైట్ల గాస్కెట్లు, డిక్కీ తలుపు రబ్బరు, పైకప్పు మీది యాంటెన్నా అడుగు కూడా అనుమానితులే.

సన్‌రూఫే అని చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. బ్రేకు వేయగానే కారు లోపల పైకప్పుకున్న ముందు లైటు దగ్గర్నుంచో, అద్దం పక్క నుంచో ఒక్కసారిగా నీళ్లు పడితే ట్రేలో నీరు నిలిచి ఉందని దాదాపు ఖాయం. కారు ముక్కు పల్లానికి పెట్టి నిలిపినప్పుడు ముందు, ఎత్తుకు పెట్టినప్పుడు వెనక తడుస్తున్నా అదే అర్థం. పిల్లర్ మీది ప్లాస్టిక్ అంచున, రూఫ్ లైనింగ్ మూలల్లో గోధుమ రంగు చారికలు ఉంటే ఇది నిన్నమొన్నటి లీకు కాదు.

గ్లాసుడు నీళ్లతో పరీక్ష

ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు. కారును సమతలం మీద నిలిపి, సన్‌రూఫ్ తెరిచి, ట్రే మూలలో ఉన్న రంధ్రం దగ్గర కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. చిన్న గ్లాసులో సగం చాలు. ఇంకొకరు కింద కూర్చుని ఎటు కారుతుందో చూడాలి. ముందు గొట్టాల రంధ్రాలు చాలా కార్లలో పైనుంచి తేలిగ్గా కనిపిస్తాయి. వెనకవి కొన్నిటిలో కనిపించవు, అప్పుడు ట్రే పక్క అంచున పోసి, కారు వెనక భాగం కొంచెం పల్లానికి ఉండేలా నిలిపితే సరిపోతుంది.

నాలుగు రకాల ఫలితాలు రావచ్చు. పోసిన నీరు వెంటనే ధారగా కింద పడితే ఆ గొట్టం బాగుంది. చుక్కలు చుక్కలుగా వస్తే సగం మూసుకుంది. ట్రేలోనే నిలిచిపోతే పూర్తిగా మూసుకుంది. నాలుగోది అసలు ప్రమాదం: ట్రే ఖాళీ అవుతుంది, కింద మాత్రం చుక్క పడదు. అంటే గొట్టం ఎక్కడో ఊడిపోయి, నీరు కారు లోపలే ఎటో పోతోందన్నమాట. అప్పుడు వెంటనే పోయడం ఆపేయాలి. మిగతా మూడు మూలలు కూడా విడివిడిగా చూడాలి, ఒకటి బాగున్నంత మాత్రాన మిగతావీ బాగున్నట్టు కాదు.

నాలుగూ సరిగ్గా పారుతున్నా లీకు ఆగకపోతే, అప్పుడు అద్దం మూసి పైపుతో మెల్లగా, కింది అంచుల నుంచి పైకి వస్తూ నీళ్లు పట్టాలి. ఒకరు లోపల టార్చిలైటుతో ఉండాలి. ప్రెషర్ వాషర్ మాత్రం వాడొద్దు. ఆ ధాటికి బాగున్న సన్‌రూఫ్ కూడా కారుతుంది, లేని జబ్బుకు మందు వేసినట్టవుతుంది.

మూసుకున్న గొట్టాన్ని శుభ్రం చేయడం

పరీక్షలో రెండో, మూడో ఫలితం వస్తే ఇక్కడితోనే పని అయిపోయే అవకాశం ఎక్కువ. అన్ని దారుల్లో ఖర్చు తక్కువైనది, ఇంట్లో చేసుకోగలిగినది ఇదే, అందుకే ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లేముందైనా ఇది చేసి తీరాలంటాను.

గడ్డి కోసే యంత్రాల్లో వాడే నైలాన్ తీగ దీనికి చక్కగా సరిపోతుంది. కొన మొనదేలి ఉంటే గొట్టాన్ని చీలుస్తుంది కాబట్టి నిప్పుకు చూపించి గుండ్రంగా చేసుకోవాలి. పైనుంచి మెల్లగా తిప్పుతూ దించాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే బలం పెట్టకుండా కొంచెం వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించాలి. ఇనుప తీగ, హ్యాంగర్ తీగ వద్దు. కంప్రెసర్ గాలి అసలే వద్దు. పంక్చర్ షాపులో గాలి కొట్టించి 'క్లీన్ చేశాం' అనడం చాలాచోట్ల జరిగేదే. మట్టి కదలకపోతే ఆ ఒత్తిడికి గొట్టం పైచివర ఫ్రేము నుంచి ఊడిపోతుంది. చిన్న పని కాస్తా రూఫ్ లైనింగ్ దించే పనిగా మారుతుంది. గాలి ఊదడం కంటే కింది చివర దగ్గర వ్యాక్యూమ్ క్లీనరు పెట్టి లాగడం నయం. నీరు కూడా లాగగలిగే రకమైతే ఇంకా మంచిది.

చాలాసార్లు అడ్డం గొట్టం మధ్యలో ఉండదు, అడుగున ఉంటుంది. గొట్టం చివర ఒక చిన్న రబ్బరు మూతి ఉంటుంది. నీటిని బయటికి వదిలి, దుమ్మునూ పురుగులనూ లోపలికి రానివ్వకుండా అది ముడుచుకుని ఉంటుంది. బురద పట్టి అది అతుక్కుపోతుంది. ముందు తలుపు తీసి కీళ్ల మధ్య చూస్తే కొన్ని కార్లలో అక్కడే కనిపిస్తుంది. వేళ్లతో నొక్కి విప్పితే నల్లటి మురికి నీరు బొళుక్కున వస్తుంది. చూడ్డానికి అసహ్యంగా ఉన్నా అంతకంటే మంచి వార్త ఉండదు. కొన్నిటిలో చక్రం గూటి ప్లాస్టిక్ విప్పితేగాని దొరకదు.

ఇది శాశ్వత చికిత్స కాదు. చెట్టు కింద నిలిపే కారుకు ఏడాదిలో రెండుసార్లయినా చేయాలి, అందులో ఒకటి వానలకు ముందు. ట్రేను తడిగుడ్డతో తుడిచి శుభ్రంగా ఉంచితే గొట్టంలోకి మట్టి పోవడమే తగ్గుతుంది.

ఊడిన గొట్టం

నాలుగో ఫలితం వచ్చినవాళ్లకు తీగ పని చేయదు, ఇంకా చెడగొట్టవచ్చు కూడా. పిల్లర్ ప్లాస్టిక్ తీసి, రూఫ్ లైనింగ్ ఆ మూలన దించి, గొట్టాన్ని తిరిగి ఫ్రేముకు తగిలించి బిగించాలి. సామాను ఖర్చు చాలా తక్కువ, పని కూలీయే అసలు ఖర్చు.

సొంతంగా చేయాలా, చేయించాలా అంటే నా మాట: చేయించండి. సన్‌రూఫ్ ఉన్న చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదంలో పక్క కిటికీల మీదికి తెరలా దిగేది) సరిగ్గా ఆ దారిలోనే, రూఫ్ లైనింగ్ అంచున ఉంటుంది. పిల్లర్ ప్లాస్టిక్‌ను పట్టి ఉంచే కొన్ని క్లిప్పులు ఒకసారి తీస్తే మళ్లీ వాడకూడనివి. పాతవే నొక్కి పెట్టేస్తే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే వేళ ఆ ప్లాస్టిక్ ముక్క ఎగిరి రావచ్చు. బ్యాటరీ తీయకుండా, కాసేపు ఆగకుండా ఆ చుట్టుపక్కల చేయి పెట్టకూడదు. ఈ జాగ్రత్తలు అడక్కుండానే చెప్పే మెకానిక్ దొరికితే కారు అప్పజెప్పొచ్చు.

ఇంకొక షరతు కూడా పెట్టండి. లైనింగ్ తిరిగి ఎక్కించే ముందు మీ ఎదుటే నీళ్లు పోసి చూపించాలి. ఎక్కించాక చూపిస్తామంటే, తేడా వస్తే మళ్లీ అంతా విప్పాలి, ఆ కూలీ ఎవరిదన్న గొడవ మొదలవుతుంది.

రబ్బరు, అద్దం ఎత్తు

రబ్బరు చిరిగినా, గట్టిపడి పగుళ్లిచ్చినా, ఒకచోట నొక్కుకుపోయినా మార్చాల్సిందే. వేగంగా వెళ్తున్నప్పుడు పైనుంచి ఈల లాంటి గాలి శబ్దం కొత్తగా వస్తుంటే రబ్బరునో, అద్దం ఎత్తునో అనుమానించాలి. సన్నటి కాగితం ముక్క పెట్టి అద్దం మూసి లాగి చూడండి. ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా వస్తే తేడా తెలిసిపోతుంది. మామూలుగా అద్దం ముందు అంచు పైకప్పుకు సమంగానో వెంట్రుక మందం కిందికో, వెనక అంచు సమంగానో ఒక్క పిసరు పైకో ఉండాలి. అద్దం పక్కనున్న స్క్రూలతో ఇది సరిచేయొచ్చు. రబ్బరు మెత్తగా ఉండేందుకు సిలికాన్ ఆధారిత లూబ్రికెంటు రాయాలి, పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

గొట్టాలు మూసుకుని ఉండగా రబ్బరు ఒక్కటే మారిస్తే ఏమవుతుంది? చిన్న జల్లుకు లీకు కనిపించదు. బాగైపోయిందనుకుంటారు. గట్టి వాన పడ్డ రోజు మళ్లీ మొదలవుతుంది. అందుకే కొత్త రబ్బరు రెండో అడుగు మాత్రమే.

ఫ్రేము పగిలితే

పైకప్పంతా పరుచుకున్న పనోరమిక్ సన్‌రూఫ్‌లలో ఇంకో రకం బాధ ఉంది. ఫ్రేము ప్లాస్టిక్ భాగాలు అతికిన చోట, మూలల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. కదలని అద్దాన్ని పట్టి ఉంచే అతుకు కూడా వయసు మీద పడి వదలొచ్చు. గొట్టాలు నాలుగూ పారుతున్నా లైనింగ్ తడుస్తుంటే దీన్ని అనుమానించాలి.

పగులు ఒక్కచోటే ఉండి, శుభ్రంగా కనిపిస్తుంటే పాలీయురెథేన్ సీలెంట్‌తో మూయించడం ముందు ప్రయత్నించదగ్గది. అది కూడా ఆరబెట్టి, తుడిచి, పట్టు కోసం గరుకు చేశాక చేయాలి. తడి మీద పూస్తే నిలవదు. పగుళ్లు చాలాచోట్ల ఉన్నా, పైగా అద్దం జరిగే పట్టాలు కూడా ఇరుక్కుంటున్నా మొత్తం ఫ్రేము మార్చడం తప్పదు. రూఫ్ లైనింగ్ పూర్తిగా బయటికి తీయాలి కాబట్టి ఇది అన్నిటికంటే ఖరీదైన దారి. పాత కార్లు విప్పేచోట దొరికే ఫ్రేము చవకే, కానీ దాని ప్లాస్టిక్ కూడా మీ కారంత ముసలిదే. కొంటే, బిగించకముందే నేల మీద పెట్టి నీళ్లు నింపి చూసుకోవాలి. ఇంత డబ్బు పెట్టేముందు ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటరులో ఒకసారి విచారించడం మంచిది. కొన్ని మోడళ్లకు డ్రెయిన్ గొట్టాల విషయంలో కంపెనీలే తమ సర్వీస్ సెంటర్లకు ప్రత్యేక మరమ్మతు సూచనలు ఇచ్చిన సందర్భాలున్నాయి.

సిలికాన్‌తో మూసేయడం

దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. మోటారు చెడిపోయి, విడిభాగాలు దొరకని పాత కారు, సన్‌రూఫ్ తెరవాలన్న కోరికా లేదు. అలాంటప్పుడు మూసేయడం తెలివైన పనే. మిగతా సందర్భాల్లో ఇది దాచిపెట్టడమే. ఎండకూ చలికీ అద్దం, ఇనుము వేర్వేరుగా సాగుతాయి, ముడుచుకుంటాయి. మామూలు సిలికాన్ ఏదో ఒక మూల లేస్తుంది. కింద గొట్టాలు మూసుకునే ఉంటాయి కాబట్టి సందు దొరికిన నీరు నేరుగా లోపలికే. తర్వాత ఎవరైనా సరిగ్గా రిపేరు చేయబోతే ముందు ఆ సిలికాన్ గీకడానికే సగం రోజు పోతుంది.

మూయాలనే నిర్ణయించుకుంటే గొట్టాలు ముందు శుభ్రం చేయించండి. సన్‌రూఫ్ ఫ్యూజు తీయించండి, లేదంటే ఎవరో పొరపాటున బటన్ నొక్కుతారు. పుల్లటి వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడొద్దు, ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం రంగు లేచిన ఇనుము మీద తుప్పు పుట్టిస్తుంది. సన్‌రూఫ్ మూసేసిన సంగతి కారు అమ్మేటప్పుడు కొనేవారికి చెప్పాలి కూడా.

రిపేరు దాకా నాలుగు రోజులు గడవాలంతే అనుకుంటే అద్దం అంచుల మీద వెడల్పు టేపు వేస్తే చాలు. ఎండలో వారాల తరబడి ఉంచితే జిగురు పెయింట్‌కు పట్టేస్తుంది. లోపల తడి ఉన్న కారుకు గాలి ఆడని కవరు కప్పితే బూజును పెంచినట్టే.

తడి ఆరకపోతే రిపేరు సగమే

లీకు ఆపి, కార్పెట్ పైన గుడ్డతో అద్ది, సెంటు కొట్టి వదిలేస్తారు చాలామంది. కార్పెట్ కింద మందపాటి ఫోము ఉంటుంది. పైన చేయి పెడితే పొడిగా తగిలినా అది లోపల నీరు పట్టుకునే ఉంటుంది. కొన్ని కార్లలో ఆ ఫోము పక్కనే, సీటు కిందే ఎలక్ట్రానిక్ పెట్టెలు, వైరు కనెక్టర్లు ఉంటాయి. వాటికి పచ్చ తుప్పు పట్టాక తాళం దానంతటదే పడడం, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం, బ్యాటరీ రాత్రికి రాత్రి దిగిపోవడం లాంటి వింతలు మొదలవుతాయి. అప్పుడయ్యే ఖర్చు ముందు సన్‌రూఫ్ ఖర్చు ఏ మూలకూ చాలదు.

ఫోము దాకా తడిస్తే సీట్లు తీయించి, కార్పెట్ ఎత్తించి, కింద ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. దీనికి రోజులు పడుతుంది, తొందరపడితే బూజు వాసన తిరిగొస్తుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌లకు చెందినవి, బ్యాటరీ తీసి కాసేపు ఆగకుండా వాటిని ముట్టుకోవద్దు. బేకింగ్ సోడా వాసనను కొంత పీలుస్తుంది, అంతకుమించి ఆశించొద్దు.

ఇంకా కొనలేదా? అయితే మీ చేతిలో ఉన్నది పెద్ద ఎంపికే

కారు చూడబోయినప్పుడు లోపల సెంటు వాసన గుప్పుమంటే అది ఏ వాసనను కప్పడానికో ఆలోచించండి. మ్యాట్ ఎత్తి కార్పెట్‌ను పిడికిలితో గట్టిగా నొక్కండి. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, స్టెప్నీ గుంతలో నీటి గీతలు, సీటు బెల్టు పూర్తిగా లాగితే కనిపించే మరకలు చూడండి. గుంతలో మెత్తటి ఒండ్రు మట్టి కనిపించినా, బెల్టు మీద అడ్డంగా ఒకే గీతలా మరక ఉన్నా అది సన్‌రూఫ్ లీకు కాదు, కారు వరదలో మునిగిందేమోనని అనుమానించాలి. అలాంటిదాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా వద్దనుకోవడమే మంచిది.

ఒకటి రెండు గొట్టాలు మూసుకుని, కార్పెట్ పొడిగా ఉంటే వెనకాడక్కర్లేదు. బేరం ఆడుకోవడానికి అదో సాకు కూడా. లైనింగ్ మీద మరకలున్నా నేల పొడిగా ఉంటే, లైనింగ్ దించే కూలీ ఎంతో ముందే ఎవరినైనా అడిగి, అంత తగ్గించుకుని కొనొచ్చు. పనోరమిక్ రూఫ్ కారుకు ఫ్రేము పగిలిందని తేలితే ఆ ఖర్చును ధరలోంచి పూర్తిగా తీసేశాకే మాట్లాడాలి. నేల తడిగా ఉండి, డ్యాష్‌బోర్డు మీద ఏదో ఒక హెచ్చరిక లైటు కూడా వెలుగుతుంటే ఎంత తగ్గించినా చాలదు, ఎందుకంటే ఆ తుప్పు ఎంతవరకు పాకిందో విప్పితేగాని ఎవరూ చెప్పలేరు.

ఇవన్నీ తేల్చుకోవాలంటే ఆ గ్లాసుడు నీళ్లు కారు కొనకముందే పోసి చూడాలి. అమ్మేవారిని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు. కాదంటే, అదే మోడల్‌లో సన్‌రూఫ్ లేని కారు వెతుక్కోవచ్చు, మామూలుగా అది ఇంకాస్త చవకగా కూడా దొరుకుతుంది.